విజయనగర కొలువులో ఒక కల్పిత నాయకుడిని, అతని ఇంటిని నిర్మించుకోవడం ఎలా

అమరనాయకుడి పాత్ర రాయాలంటే ముందు అతని ఆయవ్యయాలు రాసుకోండి. ముఖం, మీసం, కత్తి తర్వాత చూసుకోవచ్చు. రాజు అతనికి ఒక సీమ మీది రాబడి ఇస్తాడు, అదే అమరం. దాంతో అతను సైన్యాన్ని పోషించాలి, ఏటా రాజుకు కట్టవలసింది, అంటే కట్టుబడి, కట్టాలి. అతని ఇంట్లో జరిగే ప్రతి పెళ్ళికీ, ప్రతి తగాదాకూ మూలం ఇక్కడే దొరుకుతుంది.

అంకెల కోసం పోర్చుగీసు గుర్రాల వర్తకుడు ఫెర్నావ్ నూనిజ్ రాతలు చూడండి. 1530లలో విజయనగరంలో ఉన్న మనిషి. అతని జాబితాలో ఒక నాయకుడికి రాబడి 3,00,000 పర్దావులు. అందుకు 1,200 గుర్రాలు, 20,000 కాల్బలం, 28 ఏనుగులు పోషించి, రాజుకు 80,000 కట్టాలి. పర్దావును వరహా కింద లెక్క వేసుకోవచ్చు. మీ నాయకుడిని ఇందులో పదో వంతు చేయండి: రాబడి 30,000 వరహాలు, 120 గుర్రాలు, 2,000 మంది బంట్లు, మూడు ఏనుగులు, కట్టుబడి 8,000. అతనికి పాలగిరి ఓబళనాయకుడు అని పేరు పెడదాం. అహోబిల నరసింహుడిని కొలిచే సీమలో ఓబళ అన్న పేరు సహజంగా ఒదుగుతుంది.

ఇక గుర్రాల దగ్గర కాస్త ఆగాలి. మేలుజాతివి ఓర్ముజ్ నుంచి ఓడల్లో గోవా, భట్కళ రేవులకు వచ్చేవి. రాజు వాటిని తన లాయాలకు ఉంచుకుని, నాటు గుర్రాలను వెయ్యికి ఐదు చొప్పున నాయకులకు ఇచ్చేవాడని, ఆ డబ్బు సెప్టెంబరులోగా కట్టాలని నూనిజ్ చెబుతాడు. అంటే గుర్రం 200. ఏడాదికి పన్నెండు చచ్చాయనుకోండి, 2,400 వరహాలు అదనపు భారం. కట్టుబడి చెల్లించేదీ ఆ నెలలోనే. మహర్నవమి ఉత్సవాలూ అప్పుడే. చెల్లించిన నాయకులకు రాజు శాలువలు కప్పేవాడు. పండగ ముగిశాక నగరం బయట సేనల పరిశీలన జరిగేది. 120 ఉండవలసిన చోట 95 గుర్రాలు నిలబడితే దాచడానికి వీలుండదు. కాబట్టి కథలోని అసలు ఒత్తిడిని దసరా దగ్గర పెట్టండి. చాలామంది దీన్ని వదిలేసి యుద్ధం కోసం వెతుకుతారు.

పుట్టిన సంవత్సరం తప్పక తేల్చుకోండి. ఓబళుడు 1480లో, శార్వరి నామ సంవత్సరంలో పుట్టాడంటే, అతనికి ఐదేళ్ళప్పుడు సాళువ నరసింహుడు సింహాసనం ఎక్కాడు. ఇరవై తొమ్మిదేళ్ళకు కృష్ణదేవరాయలు వచ్చాడు. 1515లో కొండవీడు పట్టుకునే నాటికి ముప్పై ఐదు. ఈ పట్టిక లేకపోతే పాతికేళ్ళ కుర్రవాడు ముగ్గురు రాజులను దగ్గరగా ఎరిగినట్టు రాసేస్తారు.

ఇంటి విషయానికొస్తే తాత పేరు పెద్ద మనవడికి పెట్టండి. పేర్లు తిరిగి వస్తుంటే వంశం ఉన్నట్టు అనిపిస్తుంది, పాఠకుడు తికమకపడకుండా పెద్ద, చిన్న చేర్చవచ్చు. మొదటి పెళ్ళి మేనరికం చేయండి. రెండో పెళ్ళి పక్క సీమ నాయకుడి ఇంటి నుంచి, పొలిమేర తగువు తీరడానికి. చుట్టరికం పదవులను ఎలా నడిపిందో తిమ్మరుసు ఇంట్లో కనబడుతుంది: కొండవీడు గెలిచాక దాని పాలన అతని మేనల్లుడు నాదెండ్ల గోపన చేతికి వచ్చింది. ఓబళుడి తమ్ముడికి కోట అప్పగించండి, నమ్మకస్తుడైన ఒకరిని స్థానాపతిగా, అంటే కొలువులో తన తరఫు మనిషిగా, రాజధానిలో ఉంచండి. కొలువులో పుట్టే మాట సీమలో ఎవరికీ తెలియకముందే ఆ స్థానాపతి ఉత్తరంలో ఇంటికి చేరుతుంది. అమరం రాజు ఇచ్చింది, రాజు తీసుకోగలిగింది. తండ్రి పోతే కొడుక్కి దక్కాలన్నా రాజు సమ్మతి కావాలి. పెద్దభార్య, చిన్నభార్యల మధ్య పోరుకు అసూయ కంటే ఇది బలమైన కారణం.

సంభాషణల్లో జాగీరు, హుజూరు, దర్బారు వద్దు. అమరం, ఏలినవారు, కొలువు అనండి. భార్య మొగుడిని పేరు పెట్టి పిలవదు. రాయలు తిమ్మరుసును అప్పాజీ అనేవాడని చెప్పుకునే వాడుక ఉంది. వయసులో పెద్దవాడైన మంత్రికి రాజు ఇచ్చే మన్నన ఆ తీరులో ఉండాలి.

దుస్తులకు లేపాక్షి గుడి పైకప్పు బొమ్మలు చూడండి. తలకు పొడవాటి టోపీ లాంటి కుళ్ళాయి, ఒంటికి అంగీ లాంటి కబాయి అక్కడ స్పష్టంగా కనిపిస్తాయి. వంటింట్లో మాత్రం జాగ్రత్త: 1520 నాటి పులుసులో కారం మిరియాలది. టమాటా, బంగాళాదుంప, వేరుశనగ కనిపించకూడదు. ఎండుమిరపకాయల పోపు ఒక్కటి చాలు, చదివేవాడి నమ్మకం పోవడానికి.

చివరి పరీక్షగా ఓబళుడి పేర ఒక దానశాసనం రాసి చూడండి. శక సంవత్సరం (క్రీస్తుశకంలోంచి 78 తీసేస్తే చాలా నెలలకు సరిపోతుంది), సంవత్సరం పేరు, మాసం, తిథి, వారం. తర్వాత ఏలుతున్న రాయలు, ఆపైన ఇంటిపేరు, తండ్రి పేరు, ఏ గుడికి ఏ ఊళ్ళో ఎంత నేల, ఎవరికి పుణ్యంగా. ఏ గడి ఖాళీగా మిగిలినా అక్కడ మీ పాత్ర ఇంకా తేలలేదని అర్థం. పుణ్యం తల్లికి రాసి తండ్రిని వదిలేశాడంటే, ఎందుకు వదిలేశాడో మీకు ముందే తెలిసి ఉండాలి.