పేచీల పిల్లలతో – 3వ పాఠం: ఆట మధ్యలోంచి లేపడం

పాప ఏయే వేళల్లో పేచీ పెడుతోందో రాసిపెట్టమని గత పాఠంలో చెప్పుకున్నాం. ఆ కాగితం తీయండి. గొడవలు చాలామటుకు ఒక పని ఆపి ఇంకో పనికి లేవాల్సిన చోటే కనిపిస్తాయి: ఆట నుంచి స్నానానికి, టీవీ ముందు నుంచి అన్నానికి, వీధిలోంచి ఇంట్లోకి.

ఇందులో స్వభావం పాలు కూడా ఉంది. అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే మానసిక వైద్యులు 1956లో న్యూయార్క్‌లో పసిపిల్లలను ఏళ్ల తరబడి గమనించడం మొదలుపెట్టి, స్వభావాన్ని 9 లక్షణాలుగా విడదీశారు. మార్పుకు ఎంత సులువుగా సర్దుకుంటారన్నది వాటిలో ఒకటి. అంతా పెంపకం లోపమేనని బంధువులు తేల్చేస్తే విని ఊరుకోండి.

"అయిదు నిమిషాల్లో రావాలి" అని వంటింట్లోంచి కేకేయడం దండగ. నాలుగేళ్ల పిల్లకు అయిదు నిమిషాలంటే ఎంతో తెలియదు. కొలత ఆటలోనే వెతకాలి. పాప కుళాయి దగ్గర చెంబుతో బకెట్లోకి నీళ్లు పోస్తోందనుకుందాం. దగ్గరికి వెళ్లి కూర్చోండి. ముందు ఆటను చూడండి. "అబ్బో, బకెట్టు నిండిపోతోందే!" అనండి. పాప తలెత్తి మీ వైపు చూశాకే, "ఇంకో మూడు చెంబులు పోసి లేద్దాం" అని చెప్పి, కలిసి లెక్కపెట్టండి. మూడోది పడగానే పని అప్పగించండి: "చెంబు బోర్లించు. తువ్వాలు నువ్వే తేవాలి." చేతులు ఖాళీగా ఉంటే మళ్లీ కుళాయి మీదికే పోతాయి.

నాలుగో చెంబు అడుగుతుంది. తప్పకుండా అడుగుతుంది. ఇచ్చారా, రేపటి నుంచి మూడంటే నాలుగు, ఏడిస్తే అయిదు. "ఇంకా ఆడాలని ఉంది కదూ" అని ఒక్కసారి అని, ఎత్తుకుని వెళ్లిపోండి. ఏడిస్తే ఏడవనివ్వండి. బూచాడిని, పోలీసును, సూదిమందు డాక్టరును పిలవకండి. బూచాడు నాలుగు రోజులు మన మాట వింటాడు, ఆ తర్వాత అర్ధరాత్రి పాప పక్కలోకి వస్తాడు.

"స్నానానికి వస్తావా?" అని అడగడమూ వద్దు. "రాను" అనే దారి మనమే చూపినట్టు. నీళ్లు ముందు కాళ్ల మీద పోయాలా, చేతుల మీదా అని అడగండి. ఏ జవాబు వచ్చినా మనకు ఇబ్బంది లేదు.

మీ కాగితంలో గొడవలన్నీ సాయంత్రమే ఉంటే ముందు నిద్ర లెక్క చూసుకోండి. 3–4 ఏళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10–13 గంటల నిద్ర ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది.

ఈ వారం అభ్యాసానికి ఒక్క సందర్భమే ఎంచుకోండి. బడి వ్యాను హారన్ కొట్టే ఉదయం వద్దు, సాయంత్రం స్నానం మేలు. ఇంట్లో అమ్మమ్మో తాతయ్యో ఉంటే వాళ్లకు ముందే చెప్పి ఒప్పించండి, లేకపోతే ఆ నాలుగో చెంబు వాళ్లు పోయిస్తారు. పెళ్లింట్లో, నలుగురి ముందు పేచీ పెడితే ఏం చేయాలో వచ్చే పాఠంలో చూద్దాం.