పాత లారీలో గేరు మార్చే పద్ధతి

సింక్రోమెష్, అంటే గేర్ల వేగాలను తనంతట తానే కలిపే ఏర్పాటు, లేని పాత లారీలో క్లచ్ ఒకసారి తొక్కితే చాలదు, రెండుసార్లు తొక్కాలి. పై గేరుకు వెళ్లేటప్పుడు క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్ వదిలి, ఇంజిన్ వేగం తగ్గేదాకా క్షణం ఆగి, మళ్లీ తొక్కి గేరు వేయండి. ఇది సులువే. అసలు పని కింది గేరుకు దిగేటప్పుడు ఉంటుంది. న్యూట్రల్‌లో క్లచ్ వదిలాక యాక్సిలరేటరు ఒకసారి నొక్కి వదలాలి. ఇంజిన్ గొంతు పెరిగిన ఆ కాస్త సమయంలోనే క్లచ్ తొక్కి గేరు వేయాలి. లోపలి పళ్ల వేగాలు కలిస్తే లివరు వేలితో తోసినా వెళుతుంది. కలవకపోతే గరగరమని మొత్తుకుంటుంది, అరచేయి అదురుతుంది. అప్పుడు బలం చూపించకండి, న్యూట్రల్ నుంచి మళ్లీ మొదలుపెట్టండి.

గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, ఎత్తుకుంటే లోడు చాలా ఎత్తుగా ఉంటుంది. మలుపుకు ముందే గేరు దించండి, మలుపులో కాదు. ఘాట్ ఎక్కడానికి ఏ గేరు కావాలో, దిగడానికీ అదే. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదలమనే యజమానులు ఉంటారు. వాళ్లు క్యాబిన్‌లో కూర్చోరు కదా!

మిర్చి లోడు దించిన రోజు చొక్కా వాకిట్లోనే విప్పండి. కారం నీటికి లొంగదు. ముందు చేతులకు నూనె రాసి, తర్వాత సబ్బుతో కడగాలి. మా ఆవిడ గుమ్మం పక్కన కొబ్బరినూనె సీసా పెట్టి ఉంచేది. అది ముట్టకుండా పిల్లను ఎత్తుకోబోతే తలుపు తీసేది కాదు.