బోదె పూడ్చేశారా? పార పట్టకముందు ఇవి చూసుకోండి

పై పొలం ఆసామి బోదెకు (పొలానికి నీరు పారే చిన్న కాలువకు) అడ్డుకట్ట వేశాడని తెలియగానే పార భుజాన వేసుకుని వెళ్లి తెంచేయకండి. తెంచిన మరుక్షణం అది నీటి తగాదాగా మిగలదు, కొట్లాట కేసు అవుతుంది. ఫిర్యాదు చేయవలసిన మీరు ముద్దాయిగా నిలబడతారు. నేను దివిసీమలో వకీలును. మాదీ కాలువ చివరి (శివారు) పొలమే. నారుమడి నెర్రెలు విచ్చుతుంటే ఆగడం ఎంత కష్టమో తెలిసే ఆగమంటున్నాను. చట్టంలో మీకు బలం ఉంది. కాని ఆ బలానికి గడువులు ఉన్నాయి, నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది ఆ గడువులు దాటాకే వస్తారు.

మొదటి రోజే అడ్డుకట్టను సర్వే రాయి, గట్టు మీది చెట్టు లాంటి గుర్తులతో కలిపి ఫోటోలు తీయండి. తర్వాత అవతలి ఆసామికి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపండి. ఇందులో మాట జాగ్రత్త. ‘దయచేసి మా పొలానికి నీళ్లు వదలండి’ అని రాస్తే, ఇన్నాళ్లూ ఆయన అనుమతితో పారించుకున్నట్టు మీరే ఒప్పుకున్నట్టవుతుంది. అనుమతితో వాడుకున్నది ఎన్నేళ్లయినా హక్కు కాదు. ‘ఈ బోదె ద్వారా మా తండ్రి కాలం నుంచి హక్కుగా నీరు పారించుకుంటున్నాం, ఫలానా తేదీన మీరు అడ్డు కట్టారు, తొలగించండి’ అని రాయండి. నకలు, పోస్టు రశీదు దాచుకోండి.

ఇక ఆ బోదె ఎవరి నేలలో ఉందో తేల్చుకోవాలి. సర్వే నంబరు పటం (ఎఫ్ఎంబీ), రీసెటిల్‌మెంట్ రిజిస్టరు (ఆర్ఎస్ఆర్) నకళ్లు తెచ్చుకోండి. ఆర్ఎస్ఆర్‌లో ఆ నేల కాలువ పోరంబోకు అని ఉంటే సగం పని అయినట్టే. అది ప్రభుత్వ భూమి, పూడ్చడం ఆక్రమణ. 1905 నాటి భూ ఆక్రమణల చట్టం కింద నోటీసు ఇచ్చి తొలగించే అధికారం తహసీల్దారుకు ఉంది. అర్జీకి ఆ నకలు జత చేసి, తప్పకుండా రశీదు తీసుకోండి. మీ భూమికి నీటి ఆధారం ఏ కాలువో కూడా ఆ రిజిస్టరులోనే ఉంటుంది. దాన్నీ అర్జీలో చూపండి.

బోదె అవతలివారి పట్టా భూమిలో ఉంటే 1882 నాటి ఈజ్‌మెంట్ల (పరుల నేల మీదుగా నీరు, దారి వాడుకునే హక్కుల) చట్టం చూడాలి. ఇరవై ఏళ్లపాటు బహిరంగంగా, తగాదా లేకుండా, హక్కుగా, ఆటంకం లేకుండా పారించుకుని ఉంటే 15వ సెక్షన్ కింద అది మీ హక్కు. రెండు మెలికలు గుర్తుంచుకోండి. ఆ ఇరవై ఏళ్లు దావా వేసే నాటికి ముందరి రెండేళ్లలోపు ముగిసినవై ఉండాలి. అంటే నీళ్లు ఆగి మూడేళ్లు ఊరుకుని వస్తే పాత వాడకం అక్కరకు రాదు. రెండోది, అడ్డు పడిన సంగతి తెలిసి ఏడాది పాటు సహించి ఊరుకుంటేనే చట్టం దాన్ని ఆటంకంగా లెక్కిస్తుంది. మొదటి రోజే ఉత్తరం రాయమన్నది, మీరు సహించలేదనడానికి అదే రుజువు కనుక.

అన్నదమ్ముల పంపకంలో చీలిన పొలాలకు ఇరవై ఏళ్ల లెక్క అక్కరలేదు. ఉమ్మడిగా ఉన్నప్పుడు ఒక చెక్క మీదుగా మరో చెక్కకు కంటికి కనిపించే బోదె పారుతూ, ఆ చెక్క సాగుకు అది అవసరమైతే, దస్తావేజులో రాయకపోయినా 13వ సెక్షన్ ఆ హక్కును నిలబెడుతుంది. అయినా పంపకం రాసుకునేటప్పుడే నీటి దారి సంగతి ఒక వాక్యం రాయించమని నేను అందరినీ బతిమాలుతుంటాను. ఆ ఒక్క వాక్యం లేకనే అన్నదమ్ములు కోర్టు వరండాలో ఎడమొహం పెడమొహంగా కూర్చుంటున్నారు.

కాగితాలు చేతికొచ్చాక ఎక్కడికి వెళ్లాలి? ముందు నీటి సంఘానికి, అంటే కాలువ కింది రైతుల సంఘానికి. 1997 నాటి రైతుల సాగునీటి యాజమాన్య చట్టం ప్రకారం ప్రతి పంటకాలానికీ వారబందీ, అంటే వంతుల పట్టిక, తయారుచేసి అమలు చేయడం సంఘం బాధ్యత. మీ వంతు ఎప్పుడో లిఖితపూర్వకంగా అడగండి, ప్రతిని జలవనరుల శాఖ అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ)కి ఇవ్వండి.

గొడవ ముదిరేలా ఉంటే భారతీయ నాగరిక సురక్షా సంహిత 166వ సెక్షన్ ఉంది. నీటి వాడకం హక్కు మీద శాంతిభద్రతల సమస్య తలెత్తితే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు విచారించి, అడ్డు తొలగించమని కూడా ఉత్తర్వు ఇవ్వవచ్చు. అయితే ఏడాది పొడవునా వాడే హక్కయితే గత మూడు నెలల్లో, పంటకాలానికే పరిమితమైనదయితే కిందటి పంటకాలంలో మీరు వాడుకుని ఉండాలి. పోయిన సార్వాకు (ఖరీఫ్ పంటకు) నీరు పెట్టుకున్నవారు ఈ సార్వాలోనే కదలాలి. ‘ఈ పంటకు పోనీలే’ అనుకుంటే ఈ దారి మూసుకుపోతుంది.

హక్కును పూర్తిగా తేల్చేది సివిల్ కోర్టే. దావాతోపాటే తాత్కాలిక ఇంజంక్షన్‌కూ (కేసు తేలేదాకా అడ్డు పెట్టకుండా ఆపే ఉత్తర్వుకూ), కోర్టు నియమించే వకీలు, అంటే అడ్వొకేట్ కమిషనర్, తనిఖీకీ దరఖాస్తులు వేయించండి. బోదె ఆనవాళ్లు దున్నేయకముందే కమిషనర్ చూసి నివేదిక ఇస్తే, తర్వాత సాక్షులు మాట మార్చినా అది నిలుస్తుంది.

నిజానికి తగాదాల్లో చాలావరకు హక్కు గురించి కావు, ఎవరికి ఎన్ని గంటల నీరన్న దాని గురించి. అందుకే కొలవమంటాను. బోదెలో పది మీటర్లు గుర్తు పెట్టి ఎండుపుల్ల వదలండి. నలభై సెకన్లలో దాటితే పైనీటి వేగం సెకనుకు 0.25 మీటరు. అడుగు నీరు నెమ్మదిగా కదులుతుంది కాబట్టి 0.2 అనుకోండి. వెడల్పు 60 సెంటీమీటర్లు, లోతు 15 అయితే సెకనుకు 18 లీటర్లు. ఎకరంలో రెండంగుళాల నీరు నిలపడానికి రెండు లక్షల లీటర్ల పైన కావాలి, అంటే ఇంకుడు కలపకుండానే సుమారు మూడు గంటల పది నిమిషాలు. ఈ లెక్క కాగితం మీద పెడితే, ‘నువ్వే అంతా తోడేస్తున్నావు’ అన్న మాట దగ్గర ఆగిపోయిన బేరం ముందుకు కదులుతుంది. పూడికనూ చూడండి. బోదెలో నీటి మట్టం మీ మడి కంటే పల్లమై ఉంటే ఏ ఉత్తర్వూ నీటిని ఎక్కించలేదు.

రాజీ కుదిరితే లోక్ అదాలత్‌కు వెళ్లండి. ఫీజు లేదు, అక్కడి అవార్డు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా న్యాయసేవా సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది, 15100కు ఫోను చేయవచ్చు. రాజీ పత్రంలో బోదె వెడల్పు, వంతు గంటలు, సార్వాకు ముందు పూడిక ఎవరు తీయాలి, రెండు సర్వే నంబర్లు, చేతితో గీసినదైనా ఒక పటం ఉండాలి. పొలం రేపు చేతులు మారినా కొన్నవారు కాదనకుండా, నీటి దారి ఇస్తున్న ఒప్పందాన్ని సబ్ రిజిస్ట్రారు దగ్గర రిజిస్టరు చేయించండి.