పాత కారు కరెంటు పాఠాలు – 3: దారిలో పోతున్న వోల్టులు

కిందటి పాఠంలో ఫ్యూజు పెట్టె విప్పి, ఒక్కో ఫ్యూజు కొసలు గరుకు కాగితంతో రుద్ది మళ్లీ బిగించమన్నాను. చేసినవాళ్లలో కొందరికి హారనో వైపరో అప్పుడే బాగుపడి ఉంటుంది. బాగుపడనివాళ్ల కోసం ఈ పాఠం. ఈ వరసలో నాకు తీరిక లేదు, ఒక్కటే చదువుతాను అనే వాళ్లకి కూడా ఇదే చదవమంటాను. మన విశాఖలో పాత కారు నడిపేవాళ్లని ఎక్కువ ఏడిపించేది బ్యాటరీ కాదు, దాన్ని చార్జి చేసే డైనమో కాదు, ఎర్త్.

ముందు ఎర్త్ అంటే ఏమిటో స్పష్టంగా తెలుసుకుందాం. ఇంట్లో బల్బుకి రెండు వైర్లు వస్తాయి. పద్మినిలో గానీ అంబాసిడర్‌లో గానీ చాలా బల్బులకి ఒక్క వైరే వస్తుంది. వెనక్కి వెళ్లే రెండో దారి కారు ఇనుప బాడీయే. బ్యాటరీ ఒక కొసని లావుపాటి తీగతో బాడీకి బిగిస్తారు. హెడ్‌లైటు, హారను, ఇండికేటరు, అన్నీ తమ తమ చోట బాడీకే బిగించి ఉంటాయి. అంటే ప్రతి దీపం వెనకా ఒక బోల్టు, దాని కింద ఎర్త్ వైరు కొసకి ఉన్న రింగు, ఆ రింగు కింద ఇనుము. ఈ మూడింటి మధ్య తుప్పు చేరితే ఆ దీపానికి వెనుదారి మూసుకుపోయినట్టే.

మన ఊళ్లో ఆ తుప్పు తొందరగా చేరుతుంది. బీచ్ రోడ్డులోనో లాసన్స్ బే కాలనీలోనో రాత్రంతా నిలిపిన బండి అద్దం మీద పొద్దున్నే వేలితో గీసి చూడండి, జిగటగా తగులుతుంది. అది ఉప్పు. ఉప్పు గాలిలోని తేమని లాక్కుని తనలో దాచుకుంటుంది, అందుకే ఎండ కాసినా ఆ బోల్టు కింద పూర్తిగా ఆరదు. రాగి రింగు, ఇనుప బాడీ, మధ్యలో ఉప్పునీరు చేరితే అది చిన్నపాటి బ్యాటరీలాగే పనిచేసి ఇనుముని తినేస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిననాడు మా పద్మిని ఇంటి ముందు ఆరుబయటే ఉంది. కొమ్మ పడి టాపు మీద సొట్ట పడింది. అది వారంలో తీయించాం. లోపల బోల్టుల కిందకి చేరిన ఉప్పునీరు ఏం చేస్తోందో మాత్రం నాకు చాలాకాలం తెలియలేదు.

మొదట తెలిసింది ఎడమ హెడ్‌లైటుతో. ఒక రాత్రి సింహాచలం కొండ దిగుతున్నాం. కుడి లైటు తెల్లగా పడుతోంది, ఎడమది కిరోసిన్ దీపంలా పచ్చగా ఉంది. మలుపు దగ్గర ఎడమ ఇండికేటరు వేస్తే, దానితో పాటు పార్కింగ్ లైటు కూడా మినుకు మినుకుమంది. ఈ లక్షణం బాగా గుర్తుపెట్టుకోండి. ఒక దీపం వేస్తే సంబంధం లేని పక్క దీపం కూడా వెలగడమో తగ్గడమో జరిగిందంటే, ఆ రెండింటికీ కలిసి ఉన్న ఎర్త్ పోయిందని అర్థం. సొంత వెనుదారి దొరకని కరెంటు పక్క బల్బులోంచి దూరి బయటపడుతోంది. బ్రేకు నొక్కితే వెనక ఇండికేటరు కూడా మసగ్గా వెలిగే బండ్లు రోడ్డు మీద చూసే ఉంటారు. అదీ ఇదే జబ్బు.

మర్నాడు నేను చేసిన తప్పు చెబుతాను, చాలామంది అదే చేస్తారు. మల్టీమీటరుని ఓమ్‌ల మీద, అంటే దారిలోని అడ్డంకిని కొలిచేలా పెట్టి, బల్బు ఎర్త్ కొసకీ బ్యాటరీ ఎర్త్‌కీ మధ్య చూశాను. 0.6 ఓమ్ చూపించింది. మీటరు వైర్లు రెండూ ఒకదానికొకటి తాకిస్తేనే 0.2 చూపిస్తుంది కదా, ఇది మామూలే అనుకుని వదిలేశాను. కొత్త బల్బు కొన్నాను. అదీ పచ్చగానే వెలిగింది.

లెక్క వేసి చూద్దాం. మీటరు వైర్ల 0.2 తీసేస్తే మిగిలింది 0.4 ఓమ్. డిప్‌లో 55 వాట్ల బల్బుకి సుమారు నాలుగున్నర ఆంపియర్ల కరెంటు కావాలి. నాలుగున్నరని 0.4తో గుణిస్తే 1.8. అంటే ఆ 'మామూలే' అనుకున్న అడ్డంకి ఒక్కటే దాదాపు రెండు వోల్టులు మింగేస్తోంది. మీటరు ఓమ్‌లు కొలిచేటప్పుడు తన లోపలి చిన్న బ్యాటరీ నుంచి కాస్తంత కరెంటు మాత్రమే పంపుతుంది. నూతి చేదతాడు ఒక్క పోగు మీద ఉన్నా ఖాళీ చేదని మోస్తుంది, నీళ్లు నిండాక కదా తెగేది. అందుకని కనెక్షన్‌ని ఎప్పుడూ బరువు మోస్తుండగానే, అంటే దీపం వెలుగుతుండగా, సెల్ఫ్ (ఇంజనుని తిప్పి స్టార్ట్ చేసే మోటారు) తిరుగుతుండగా పరీక్షించాలి. ఈ పరీక్షనే వోల్టేజ్ డ్రాప్ చూడడం అంటారు.

చేసే పద్ధతి

మీటరుని 20 వోల్టుల డీసీ మీద పెట్టండి. ఎర్ర వైరు వోల్టుల రంధ్రంలోనే ఉందో లేదో ప్రతిసారీ చూసుకోండి. పది ఆంపియర్ల రంధ్రంలో మరిచిపోయి బ్యాటరీకి తగిలిస్తే నేరుగా షార్ట్ సర్క్యూట్ చేసినట్టే. మీ బండిలో బ్యాటరీ ఏ కొస బాడీకి బిగించి ఉందో కూడా కళ్లతో చూడండి. మైనస్ ఎర్త్ బండ్లే ఎక్కువ, కానీ బాగా పాత ఇంగ్లీషు కార్లలో ప్లస్‌ని ఎర్త్ చేసినవి ఉన్నాయి. ఈ పాఠంలో మైనస్ ఎర్త్ అనుకునే చెబుతున్నాను.

డిప్ లైటు వేసి ఉంచండి. బల్బు వెనక సాకెట్ ఊడదీయకండి. ఊడదీస్తే బరువు పోయి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. సాకెట్ వెనక నుంచి మీటరు మొన దూర్చి కొలవాలి. ముందు బ్యాటరీ రెండు కొసల మధ్య చూడండి. మా బండిలో 12.3 వచ్చింది. తర్వాత ఒక మొన బ్యాటరీ ప్లస్ సీసపు స్తంభం మీద, రెండోది బల్బుకి కరెంటు తెచ్చే కొస మీద పెట్టండి. వచ్చే అంకె, వెళ్లేదారిలో పోయిన వోల్టులు. మాకు 0.7. ఇప్పుడు ఒక మొన బల్బు ఎర్త్ కొస మీద, రెండోది బ్యాటరీ మైనస్ స్తంభం మీద. ఇది వెనుదారిలో పోయినది. మాకు 1.9.

12.3లో 0.7, 1.9 పోతే బల్బుకి మిగిలింది 9.7 వోల్టులే. ఇక్కడో సంగతి తెలియాలి. ఇలాంటి తీగ బల్బుకి వోల్టేజ్ పదో వంతు తగ్గితే వెలుగు పదో వంతు తగ్గి ఊరుకోదు, సుమారు మూడో వంతు పడిపోతుంది. 9.7 దగ్గర సగం వెలుగు కూడా రాదు. కొండ మలుపులో నాకు కనిపించిన పచ్చదనం అదే.

ఎర్త్ దారిలో 0.2 వోల్టుకి మించి పోతోందంటే ఆ దారి విప్పి చూడాల్సిందే. ఎక్కడ విప్పాలో కూడా మీటరే చెబుతుంది. బ్యాటరీ మైనస్ మీది మొన కదపకుండా, రెండో మొనని అంచెలంచెలుగా జరపండి. బల్బు ఎర్త్ కొస మీద 1.9, అక్కడ నుంచి వచ్చిన నల్లవైరు రింగు మీద 1.8, రింగుని పట్టుకున్న బోల్టు తల మీద 1.7, బోల్టు పక్కనే పెయింట్ గీకిన ఇనుము మీద 0.1. అంకె ఒక్కసారిగా ఎక్కడ పడిందో చూశారా? బోల్టుకీ బాడీకీ మధ్య. ఆ బోల్టు విప్పితే రింగు కింద చిలుము పచ్చగా పొడిపొడిగా రాలింది. దాని కింద ఇంకో ఆశ్చర్యం, పెయింట్. టింకరింగ్ చేయించినప్పుడు రింగుని సరిగ్గా గీకకుండా కొత్త పెయింట్ మీదే బిగించేశారు. బండికి కొత్తగా పెయింట్ వేయించిన నెలలోనే లైట్లు మొరాయిస్తే మీరు మొదట చూడాల్సింది ఇదే.

వెళ్లేదారిలో పోయిన 0.7 సంగతి ఇప్పుడు ముట్టుకోవడం లేదు. పాత బండ్లలో హెడ్‌లైటు కరెంటంతా స్విచ్చులోంచి, డిప్పర్‌లోంచి తిరిగి రావాలి. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చు) పెట్టి దాన్ని ఎలా దగ్గర దారిలో తేవాలో అయిదో పాఠంలో చూద్దాం. ఈలోగా వెలుగు చాలడం లేదని వంద వాట్ల బల్బులు మాత్రం వేయకండి. బల్బుకి ఎనిమిది ఆంపియర్లకి పైగా లాగుతుంది. ముప్పై నలభై ఏళ్ల నాటి వైరు, ఆ స్విచ్చు తట్టుకోలేవు, కాలిపోతాయి.

సెల్ఫ్ తిరగనప్పుడు

దీని మీద కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఇక్కడ పోయే డబ్బు పెద్దది. పొద్దున్నే తాళం తిప్పితే సెల్ఫ్ మోటారు బరువుగా మూలిగి ఆగిపోయేది. ఒక వర్క్‌షాపులో చూపిస్తే ఆ మోటారు లోపల తిరిగే ఆర్మేచర్ పోయిందన్నారు. దాన్ని కట్టించాం. నెల తిరక్కుండా మళ్లీ అదే మూలుగు. ఈసారి బ్యాటరీ మార్చమన్నారు, మార్చాం. అయినా తీరలేదు.

ఒక ఆదివారం మా మేనల్లుడిని సీట్లో కూర్చోబెట్టి తాళం తిప్పమని, నేను బానెట్ దగ్గర మీటరు పట్టుకున్నాను. మూడోసారి తిప్పగానే వాడు "మావయ్యా, చోక్ పట్టుకుంటే చెయ్యి కాలుతోంది!" అని అరిచాడు. వెళ్లి చూస్తే నిజమే. చల్లటి ఇంజను స్టార్ట్ చేయడానికి లాగే ఆ చోక్ తీగ మీద ఉన్న తొడుగు మెత్తబడి, కాలిన రబ్బరు వాసన వస్తోంది.

ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఉంటుంది. రబ్బరులో కరెంటు పోదు. కాబట్టి ఇంజనునీ బాడీనీ కలపడానికి జడలా అల్లిన రాగి పట్టీ ఒకటి పెడతారు. సెల్ఫ్ తిరిగేటప్పుడు వంద ఆంపియర్లకి పైబడిన కరెంటు ఆ పట్టీలోంచే వెనక్కి రావాలి. మా పట్టీ పైకి బాగానే ఉంది, వంచితే లోపలి పోగులు పచ్చటి పొడిలా రాలాయి. దారిలేని కరెంటు ఇంజనుకీ బాడీకీ మధ్య ఉన్న సన్నటి చోక్ తీగని పట్టుకుని వస్తోంది. అందుకే అది కాలింది. చోక్ గానీ యాక్సిలరేటర్ తీగ గానీ వేడెక్కితే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు, పట్టీ మార్చేయండి. ఆ తీగ పెట్రోలు పక్కనే ఉంటుంది, రేపు చూద్దాంలే అనుకునే పని కాదు.

వేడి ఎక్కకముందే పట్టుకోవాలంటే మళ్లీ మీటరే. హ్యాండ్‌బ్రేక్ వేసి గేరు న్యూట్రల్‌లో పెట్టండి. ఇంజను స్టార్ట్ కాకుండా, స్పార్కు కోసం వోల్టులు పెంచే కాయిల్ నుంచి, స్పార్కుని ప్లగ్గులకి పంచే డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లే సన్న వైరు కాయిల్ వైపు ఊడదీయండి. ఫ్యాన్ దగ్గర చేతులు, వైర్లు లేకుండా చూసుకుని, ఇంకొకరిని మూడు నాలుగు సెకన్లు తాళం తిప్పమనండి. మీటరు ఒక మొన బ్యాటరీ మైనస్ స్తంభం మీద, రెండోది ఇంజను ఇనుము మీద శుభ్రమైన చోట. మాకు 1.9 వచ్చింది. 0.3 లోపు ఉండాలి. అదే సమయంలో బ్యాటరీ దగ్గర 10.9 ఉంది. తిరిగేటప్పుడు బ్యాటరీ తొమ్మిదిన్నర కంటే కిందకి పడకపోతే దానికి పెద్ద జబ్బు లేనట్టే. కొత్త బ్యాటరీ వేసినా మూలుగు పోలేదంటే, మేము తీసేసిన పాతది కూడా మంచిదే అయి ఉండాలి. ఈ ఒక్క కొలత ముందే తీసుకుని ఉంటే ఆ రెండు ఖర్చులూ తప్పేవి.

మైనస్ వైపు బాగుంటే ప్లస్ వైపు కూడా అలాగే చూడండి. ఒక మొన బ్యాటరీ ప్లస్ స్తంభం మీద, రెండోది సెల్ఫ్ మోటారు మీది లావు బోల్టు మీద. మొనని సీసపు స్తంభం మీదే పెట్టాలి, దాని చుట్టూ ఉన్న క్లాంపు మీద కాదు. స్తంభానికీ క్లాంపుకీ మధ్యే తెల్లటి పొక్కు చేరి ఉండొచ్చు. క్లాంపు మీద పెడితే ఆ దోషం దొరకదు.

బిగించడం

పని మొదలుపెట్టేముందు బ్యాటరీ ఎర్త్ క్లాంపు ముందుగా విప్పండి, అయ్యాక చివర్లో బిగించండి. చేతి ఉంగరం, వాచీ తీసి పక్కన పెట్టండి. బోల్టు విప్పి, రింగు రెండువైపులా, బాడీ మీద రింగు కూర్చునేంత మేర తెల్లటి ఇనుము కనిపించేదాకా రుద్దండి. రింగు కింద పళ్లున్న వాషర్ వేస్తే ఇనుములోకి దిగి పట్టుకుంటుంది. గట్టిగా బిగించాక, పైనుంచి వాజలైన్ దట్టంగా పూయండి. వరస మార్చకండి. రింగు నేరుగా ఇనుముకి తాకి, ఆ తర్వాత దాని చుట్టూ తేమ చేరకుండా వాజలైన్ ఉండాలి. బ్యాటరీ స్తంభాల మీది పొక్కుని వంట సోడా కలిపిన నీళ్లతో కడగండి, ఆ నీళ్లు బ్యాటరీ మూతల్లోంచి లోపలికి మాత్రం వెళ్లకూడదు.

బీచ్‌కి దగ్గరగా ఉండేవాళ్లు ఏడాదికోసారి, వానాకాలం అయ్యాక, ఈ బోల్టులన్నీ ఒకసారి విప్పి చూసుకోండి. డిక్కీలో వెనక లైట్ల ఎర్త్ మరిచిపోవద్దు. డిక్కీ రబ్బరు పాడై నీళ్లు దిగే బండ్లలో అవే ముందు పోతాయి. అంతదూరం మీటరు వైరు చాలదు కాబట్టి, నాలుగైదు మీటర్ల మామూలు వైరుకి రెండు కొసలా మొసలి క్లిప్పులు పెట్టి ఉంచుకోండి. ఒక కొస బ్యాటరీ మైనస్‌కి తగిలించి, ఇంకో కొస వెనక్కి తీసుకెళ్లవచ్చు.

వచ్చే పాఠంలోగా మీరు కొలవాల్సినవి: రెండు హెడ్‌లైట్ల ఎర్త్, రెండు వెనక లైట్ల ఎర్త్, సెల్ఫ్ తిరుగుతుండగా ఇంజను ఎర్త్. అయిదు అంకెలూ తేదీ వేసి నోటుబుక్కులో రాసుకోండి. ఆరు నెలల తర్వాత మళ్లీ కొలిచినప్పుడు 0.1 ఉన్నది 0.3 అయిందంటే, ఆ బోల్టు లైటు ఆగకముందే మీకు చెప్పేసినట్టు.

నాలుగో పాఠంలో డైనమో, దాన్ని బ్యాటరీతో కలిపి విడదీసే కటౌట్. దానికి ఇంజను ఆపి, బండిని రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున్నే బ్యాటరీ వోల్టేజ్ చూసి రాసుకోండి. 12.6 దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగమే. ఆ అంకె లేకుండా చార్జింగ్ గురించి ఏం చెప్పినా గాల్లో చెప్పినట్టే. కటౌట్ మూత తీసి లోపలి పాయింట్లు మాత్రం అప్పటిదాకా కదపకండి.