నాలుగు పాళ్ళు ఉదజని, ఒక పాలు బొగ్గుపులుసు వాయువు

విజయనగరంలో ఓ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో డెమాన్‌స్ట్రేటరుగా చేసి రిటైరయ్యాను. "కార్బన్ డయాక్సైడ్‌ని మీథేన్ (గోబర్ గ్యాసులో మండే వాయువు) చేసి చూపించండి సార్" అని ఏటా ఎవడో ఒక గుంటడు అడిగేవాడు. పద్ధతి ఇదీ. ఇంట్లో మాత్రం వద్దు.

క్వార్ట్జ్ గొట్టంలో 2 గ్రాముల నికెల్-అల్యూమినా గుళికలు (చర్యని నడిపించే ఉత్ప్రేరకం ఇదే) వేసి, రెండు పక్కలా క్వార్ట్జ్ దూది కుక్కండి. ఫ్యూమ్ హుడ్‌లో (వాయువుల్ని బయటికి లాగేసే గూడు) కొలిమికి ఎక్కించి, ముందు నైట్రోజన్‌తో గాలంతా తోలెయ్యండి. గాలిలో హైడ్రోజన్ 4 శాతం చేరితే చాలు, నిప్పురవ్వకి అంటుకుంటుంది. తరవాత 450 డిగ్రీల దగ్గర మూడు గంటలు హైడ్రోజన్ పోనిస్తే నికెల్ ఆక్సైడ్ లోహంగా మారి గుళికలు నల్లబడతాయి.

వేడి 250కి దించి నిమిషానికి 80 మిల్లీలీటర్ల హైడ్రోజన్, 20 కార్బన్ డయాక్సైడ్ వదలండి. మెల్లగా 300 దాటించండి. ఇక్కడే కంగారు పడతారు: కొలిమి తగ్గించినా ముల్లు పైకే పోతుంది, ఎందుకంటే ఈ చర్య తనే వేడి కక్కుతుంది. 500 దాటితే మీథేన్ తగ్గి కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువవుతుంది. అందుకని వేడి ఎగబాకితే నైట్రోజన్ కలిపి పలచన చెయ్యండి.

మీథేన్‌కి రంగూ లేదు, వాసనా లేదు. పుట్టిందని ఎలా తెలుస్తుంది? గొట్టం కొసన ఐసులో ముంచిన సీసా చూడండి. గంటకి ఒకటిన్నర మిల్లీలీటర్ల పైచిలుకు నీళ్ళు దిగుతాయి. ఇంకో సాక్ష్యం, బయటికొచ్చే వాయువుని నీళ్ళలోకి వదిలితే లేచే బుడగలు. లోపలికి 100 పంపితే బయటికి 25కి లోపే వస్తుంది. నీళ్ళు సీసాలోనే ఆగిపోతాయి కనక, అయిదు పాళ్ళ వాయువులో మిగిలేది ఒక పాలు మీథేనే మరి. సబాటియే అనే ఫ్రెంచాయన 1912 నోబెల్‌లో సగం అందుకున్నది ఇలాంటి నికెల్ పనికే.

వంటకి పనికొస్తుందా అంటారు. హైడ్రోజన్‌లో ఉన్న శక్తిలో ఆరో వంతు ఈ గొట్టంలోనే వేడిగా పోతుంది. దానికన్నా ఊళ్ళో గోబర్ గ్యాసు నయం.

ఆ గోబర్ గ్యాసుతోనే దెబ్బ తిన్నాను. అందులో నలభై శాతం దాకా కార్బన్ డయాక్సైడే కదా అని బొబ్బిలి దగ్గర మా ఊరి నుంచి ఓ ట్రాక్టరు ట్యూబులో నింపి తెచ్చాను. కుళ్ళిన గుడ్ల కంపు కొట్టినా పట్టించుకోలేదు. రెండో రోజుకి బుడగలు తగ్గడం మానేశాయి: ఆ కంపు వాయువులోని గంధకం నికెల్‌ని పట్టుకుని పనిచెయ్యకుండా చంపేసింది. అప్పట్నించి లేత్ షాపులో తెచ్చిన ఇనప రజనుని తడిపి తుప్పు పట్టించి, ఆ తుప్పులోంచి గ్యాసు పంపి, మిగిలిన కాస్త గంధకానికి వేడి జింక్ ఆక్సైడ్ పెట్టేవాణ్ణి.

ఆపేటప్పుడు ముందు రెండు వాయువులూ కట్టేసి, నైట్రోజన్‌లోనే చల్లారనివ్వండి. 200కి దిగువన కార్బన్ మోనాక్సైడ్ మిగిలి ఉంటే నికెల్ కార్బొనిల్ పుట్టొచ్చు, అది మహా విషం. చల్లారిన గుళికలు కూడా గాలి తగిలితే నిప్పులవుతాయి, అందుకని నీళ్ళలో వెయ్యండి. మా ల్యాబులో ఓ చెత్తబుట్ట అలాగే తగలబడింది.