నగల షాపు మూతపడితే వారంటీ, బీమా సంగతేంటి?

షాపు ఎత్తేశారని తెలియగానే బిల్లు, వారంటీ కార్డు, స్కీమ్ పాస్‌బుక్ అన్నీ ఫోటో తీసి పెట్టుకోండి, థర్మల్ బిల్లు మీద అచ్చు వెలిసిపోతుంది. ఉచిత పాలిష్, బైబ్యాక్ (నగను షాపే తిరిగి కొనడం) లాంటివి షాపు ఇచ్చిన మాటలు, వాటి మీద ఆశ వద్దు. హాల్‌మార్క్ మాత్రం ఎక్కడికీ పోదు: చేతి గాజైతే లోపలి వైపు భూతద్దంతో చూస్తే అక్షరాలు, అంకెలు కలిసి ఆరు ఉంటాయి, ఆ హెచ్‌యూఐడీని (ఒక్కో నగకు ఇచ్చే ప్రత్యేక కోడ్) ప్రభుత్వ బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే స్వచ్ఛత తెలుస్తుంది. షాపు ఇచ్చిన ఉచిత బీమా ఉంటే నేరుగా బీమా కంపెనీకే ఫోన్ చేసి, మీ పేరు మీద కవర్ ఉందా, ఎప్పటిదాకా అని అడగండి.

నెలనెలా కట్టిన స్కీమ్ డబ్బు ఇరుక్కుంటే అస్సలు ఆలస్యం చేయకండి. పోలీసు ఫిర్యాదు ఇవ్వండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పండి. కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్తే పేపర్లో వచ్చే ప్రకటనలోని గడువులోపే క్లెయిమ్ పంపాలి.