డెలీ శాండ్‌విచ్ కొనాలా, ఇంట్లో చేసుకోవాలా? లెక్క ఇలా చూడండి

న్యూజెర్సీలో మా ఆఫీసు పక్క సూపర్‌మార్కెట్‌లోని డెలీలో, అంటే మాంసం, చీజ్ కోసి అమ్మే కౌంటర్‌లో, టర్కీ కోడి శాండ్‌విచ్ 11 డాలర్లు. అది సబబైన ధరేనా అని తేల్చుకోవాలంటే, ముందు అదే కౌంటర్ అద్దం వెనక పౌను ధర చూడండి. టర్కీ పౌను 12 డాలర్లనుకుందాం. శాండ్‌విచ్‌లో పావు పౌను, అంటే 113 గ్రాములు వేశారంటే 3 డాలర్లు. చీజ్, బ్రెడ్ రోల్, టమాటా కలిపినా ఇంకో రెండు డాలర్లు. పైగా ఇక్కడ చేసిచ్చిన శాండ్‌విచ్ మీద 6.625 శాతం సేల్స్ ట్యాక్స్ పడుతుంది. విడిగా కోయించుకున్న మాంసానికి, చీజ్‌కి పడదు.

అందుకే చల్లటి టర్కీ, హామ్ (పంది మాంసం) శాండ్‌విచ్‌లు నేను కొనను. "అర పౌను, పల్చగా" అని అడిగి కోయించుకుంటాను. మొదటి ముక్క కోసి చూపించమనండి. అంచులు వాటంతట అవే మడతపడేంత పల్చగా ఉంటే సరేననండి. అలా కోసినది మడతలు మడతలుగా పేరిస్తే అదే బరువు నిండుగా ఉంటుంది, నమలడానికీ హాయి. కోయించిన మాంసం ఫ్రిజ్‌లో 3 నుంచి 5 రోజులే ఉంచాలి, కాబట్టి ఎక్కువ తీసుకోకండి.

వేడి పస్త్రామీ సంగతి వేరు. బీఫ్‌ను రోజుల తరబడి ఉప్పునీటిలో ఊరబెట్టి, మిరియాలు, ధనియాలు పట్టించి, పొగబెట్టి, ఆవిరిపై మెత్తబరిచి, మన కళ్లముందే కత్తితో కోసిచ్చే చోట 20 డాలర్లు అడిగినా సంతోషంగా ఇస్తాను. అంత పని ఇంట్లో ఎవరు చేస్తారు?

శాకాహారులైతే, మాంసం లేని శాండ్‌విచ్‌కీ మాంసం శాండ్‌విచ్ ధరే వేస్తున్నారేమో బోర్డు చూసుకోండి. వేస్తుంటే తాజా మొజరెల్లా చీజ్, కాల్చిన క్యాప్సికం అయినా అడిగి వేయించుకోండి.